ఏటిగట్టు మీద చారల మిడతలు

మిడతలు వస్తున్నాయని విన్నప్పుడు నాకు భయం వెయ్యలేదు, సంబరం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ అదే నిజం. ఆ వేసవిలో కరోనా తప్ప వేరే కబురు చెవిన పడి రెండు నెలలు దాటింది. టీవీ పెడితే అదే, వీధిలోకి వస్తే అదే, ఎవరికైనా ఫోన్ చేస్తే వాళ్ళు ఎత్తేలోపు వినిపించే దగ్గు కూడా అదే. అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఎక్కడో ఉత్తరాదిన పట్టపగలు ఆకాశం మట్టిరంగుకి తిరిగిపోయింది. జనం మేడలెక్కి కంచాలు కొడుతున్నారు. ఎడారి మిడతల దండట. ఒక్క పూటలో ఊరి పచ్చదనమంతా మేసేసి లేచిపోతాయట. నేను ఆ వీడియో నాలుగుసార్లు చూసి, ఐదోసారి మా ఆయనకి చూపించాను.

"ఇవి గోదావరి దాటి మన వైపు వస్తాయంటారా?" అని అడిగాను.

"రాకేం? వాటికి పోలీసు పాసు అక్కర్లేదుగా," అన్నారాయన. ఆటో రెండు నెలలుగా చూరు కింద కదలకుండా ఉండేసరికి ఆయన మాటలన్నీ అలాగే వచ్చేవి.

మాది అప్పనపల్లికి కాస్త ఇవతల, గోదావరి వైనతేయం పాయ పక్కన చిన్న ఊరు. వరదనీళ్ళు ఊళ్ళోకి రాకుండా కట్టిన ఏటిగట్టు దిగితే మొదట తగిలేది మా కొబ్బరితోటే. తోట మా మామగారిది. ఇల్లు అత్తగారి పేరున ఉంది. ఆటో మా ఆయనది. తోటలో చెట్ల నీడన వరసగా పెట్టిన పదకొండు తేనెటీగల పెట్టెలు మాత్రం నావి. మూడేళ్ళ కిందట శిక్షణ ఇస్తామంటే వెళ్ళి, అందరూ నవ్వుతుంటే రెండు పెట్టెలు తెచ్చుకుని, కుట్టించుకుని, ముఖం గుమ్మడికాయలా వాచిపోయి, ఏడ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళి మూత తీసి, అలా ఆ రెండిటిని పదకొండు చేసుకున్నాను. వాటి దగ్గర ఉన్నంతసేపు నేను ఎవరి కోడల్నీ కాను. వాటి జోలికి ఎవరైనా వస్తే నాకు ఒళ్ళు తెలియదు. మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి దూరంగా ఉంటారు.

ఆ రోజుల్లో ఆ తోటలో తేనెటీగలతో పాటు మా అక్క కూడా ఉంది. అక్క ఏడేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేసి, విమానాలు మళ్ళీ మొదలవగానే మా దగ్గరికి వచ్చేసింది. ప్రభుత్వం వాళ్ళ క్వారంటైన్ కేంద్రంలో ఉండమన్నన్నాళ్ళూ ఉంది, పరీక్ష చేయించుకుంది, కరోనా లేదని కాగితం తెచ్చుకుంది. అయినా ఊరు ఒప్పుకోలేదు. ఇంకో పద్నాలుగు రోజులు విడిగా ఉండాలన్నారు. దాంతో తోటలో కొబ్బరికాయలు పోసుకునే పాక ఊడ్చి, మంచం వేసి, బయట నీళ్ళ డ్రమ్ము పెట్టి అక్కని అందులో ఉంచాం. పాక చుట్టూ కంచె ఉంది, నా పెట్టెలు కంచెకి ఇవతల. ఊరి వాలంటీరమ్మాయి వచ్చి కంచె తలుపుకి క్వారంటైన్ కాగితం అంటించింది. నేను పూటపూటా క్యారేజీ తీసుకెళ్ళి కంచె పక్కనున్న రాయి మీద పెట్టి, వెనక్కి వచ్చి నిలబడేదాన్ని. అక్క వచ్చి తీసుకునేది. "మూడో పెట్టె కాళ్ళకి చీమలు పడుతున్నాయే," అని అక్క చెప్పేది. నేను అక్కణ్ణుంచి అటే పరుగెత్తేదాన్ని.

వీడియో వచ్చిన మూడో రోజు పొద్దున్న, గట్టు మీదికి గేదెను తోలుకెళ్ళిన ఒకావిడ కేకలు పెట్టుకుంటూ వీధిలోకి వచ్చింది. మిడతలు వచ్చేశాయి, జిల్లేడు తుప్పల నిండా అవే! నేను అట్లపిండి చేతులతోనే పరుగు తీశాను. అందరికన్నా ముందు గట్టెక్కింది నేనే. నిజంగానే ఉన్నాయి. చూపుడువేలంత పొడవు, పసుపురంగు ఒంటి మీద నీలం చారలు, ఎవరో తీరిగ్గా కూర్చుని కుంచెతో దిద్దినట్టు. ఒక్కో కొమ్మకి పదీ పన్నెండూ కూర్చుని జిల్లేడాకుల్ని తొడిమల దాకా తినేస్తున్నాయి. మనిషి దగ్గరికి వెళ్ళినా ఎగరవు, కొమ్మకి అటువైపు తిరిగి దాక్కుంటాయి, అంతే. ఎంత బాగున్నాయో! వెనకాలే మాస్కులు సర్దుకుంటూ సగం ఊరు వచ్చేసింది.

వాళ్ళ వెనక బాబాయిగారు వచ్చారు. ఆయన మా నాన్నగారికి పెదతల్లి కొడుకు. ఊళ్ళో పురుగుమందుల కొట్టు ఆయనదే, ఇంటి ముందు గదిలోనే నడుపుతారు. నాకు ఈ ఊరి సంబంధం కుదిర్చింది కూడా ఆయనే. గొంతు పెంచి మాట్లాడరు గానీ ఆయన మాట తీసేసేవాళ్ళు లేరు. ఆయన్ని చెడ్డమనిషని నేను అనను. అంతకుముందు ఏడు కొబ్బరికి తెల్లదోమ వచ్చినప్పుడు, మందు కొట్టవద్దు, దాన్ని తినే పురుగులు వస్తాయి, కాస్త ఆగండి అని శాస్త్రవేత్తలు చెబితే, మందులు అమ్ముకునే మనిషై ఉండి ఆయన ఆగారు. ఆ మేలుచేసే పురుగులు వచ్చేలోపు ఆయన తోట ఆకులన్నీ మసి పట్టి నల్లబడ్డాయి. పిందెలు రాలిపోయాయి. ఆయన చెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఆయన ఒక్క తుప్ప చూసి వెనక్కి తిరిగారు.

"రేపు పొద్దున్న ఆరింటికి కొట్టేద్దామండి. మందు నాది, స్ప్రేయర్లు నావి. ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి, పక్కన తోటల అంచులతో సహా తడిపేద్దాం," అన్నారు.

జనం ఆయ్, ఆయ్ అన్నారు. తోటల అంచులంటే మొట్టమొదటి అంచు మాదే.

"బాబాయిగారూ, ఆరింటికి నా ఈగలన్నీ బయటే తిరుగుతుంటాయండి. ఈ గట్టు మీద పూసే ప్రతి పువ్వు మీదా వాల్తాయండి. ఒక్కటి కూడా మిగలదండి," అన్నాను.

"ఆ ఒక్కరోజూ పెట్టెలు మూసుకోమ్మా."

"ఒక్కరోజుతో పోతుందేంటండీ? మందు రోజుల తరబడి ఆకు మీదే ఉంటుంది గదా. అన్నాళ్ళు మూస్తే ఈ ఎండకి లోపలే చస్తాయండి."

"మరేం చెయ్యమంటావమ్మా? నీ పదకొండు పెట్టెల కోసం ఊరి పచ్చంతా వాటి నోట్లో పెట్టమంటావా?"

"అసలు అవి ఎడారి మిడతలేనని ఎవరు చెప్పేరండి?" అని నేను ఒంటికాలి మీద లేచాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయనతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మా ఆయన వెనకనుంచి నా చీర కొంగు లాగుతున్నారు.

వాలంటీరమ్మాయి అక్కడే నిలబడి మండలం వ్యవసాయాధికారికి ఫోన్ కలిపింది. తానుండే వీధి కంటైన్‌మెంట్ జోన్ అయిందని, ఇంకో మూడు రోజులు కదలడానికి లేదని, అంతదాకా ఏమీ కొట్టకుండా ఆగమని ఆయన చెప్పారు. ఆగమనే మాట వినగానే బాబాయిగారి ముఖం బిగుసుకుపోయింది.

"నిరుడూ ఆగమనే అన్నారు. ఆగేనుగా," అన్నారు.

అది నిజమే. అప్పుడే నాకు ఒక ఆలోచన తట్టింది, తట్టిందే తడవుగా నోట్లోంచి వచ్చేసింది.

"ఊళ్ళో ఎడారి మిడతని కళ్ళతో చూసిన మనిషి ఒక్కరే ఉన్నారండి. మా అక్క."

గట్టు మీద నుంచి అక్క ఉన్న పాక కప్పు కనిపిస్తుంది. అందరి తలకాయలూ ఒక్కసారిగా అటు తిరిగాయి. కువైట్ నుంచి జబ్బు మోసుకొచ్చిందేమోనని వారం రోజులుగా ఆ పక్కకి చూడని వాళ్ళంతా ఇప్పుడు గబగబా గట్టు దిగుతున్నారు. నేను ఇంటికి పరుగెత్తి ఖాళీ హార్లిక్స్ సీసా తెచ్చి, కొమ్మ కింద మూతి పట్టి, మూతతో మెల్లిగా తోసి నాలుగింటిని అందులోకి దింపాను. రేషన్ కొట్టు ముందు గీసినట్టే వాలంటీరమ్మాయి కంచె బయట సున్నంతో గుండ్రాలు గీసింది. జనం వాటిలో నిలబడ్డారు. నేను సీసా రాయి మీద పెట్టి వెనక్కి వచ్చాను. అక్క వచ్చి సీసా ఎత్తి ఎండకి పట్టి చూసి, పకపకా నవ్వింది.

"ఇయ్యి అయ్యి కావే, చెల్లీ. అయ్యి ఇంత సోగ్గా ఉండవు. ఇసకరంగులో ఉంటాయి."

"చూసేరా!" అన్నాను బాబాయిగారితో.

అక్కకి హుషారు వచ్చింది. ఇన్నాళ్ళకి ఇంతమంది తన మాట వింటున్నారు. "మా మేడం వాళ్ళమ్మకి ఆ మిడతలంటే ప్రాణమండి. చిన్నప్పుడు ఉప్పేసి ఉడకబెట్టుకుని తినేవారంట. ఒక ఏడు మేడ మీద దండు పడితే నాచేత బుట్టెడు ఏరించేరు. ఈలోగా ప్రభుత్వం వాళ్ళు మందు కొట్టేరు, మిడతల్ని తినకండని చెప్పేరు. కొడుకొచ్చి బుట్ట లాక్కుంటే ముసలావిడ చిన్నపిల్లలా ఏడ్చేరండి."

"విన్నారా? ముందు వాటికి కొడితే చివరికి మనుషుల నోటిదాకా వస్తుందండి," అని నేను అందుకున్నాను.

"ఉండవే నువ్వు," అంది అక్క. "బాబాయిగారు చెప్పిందీ నిజమేనండి. మందు కొట్టకముందు మేడం గారి పెరట్లో ఒక్క ఆకు మిగల్లేదు. ఆరేసిన పచ్చ దుప్పటి కూడా కొరికేసేయి. నిజంగా అయ్యే వస్తే మటుకు కొట్టాల్సిందేనండి."

ఎవరి వైపు మాట్లాడమని అడిగితే ఎవరి వైపు మాట్లాడుతోంది!

"ఇవి అవి కావని గ్యారంటీ ఏంటమ్మా? గుంపు కడితే రంగు మారతాయంటున్నారు టీవీలో," అన్నారు బాబాయిగారు.

అక్క కాస్త ఆలోచించింది. "నిజం మిడతైతే ఆకలేస్తే ఏ ఆకైనా తింటాదండి. ఇయ్యి చూస్తే జిల్లేడునే పట్టుకుని కూర్చున్నాయి. రేపు జిల్లేడు పెట్టకండా మన ఆకులన్నీ పెట్టి చూద్దామండి. ముట్టుకుంటాయో లేదో అందరికీ కనపడిపోద్ది."

బాబాయిగారు ఆ మాటకి తల ఊపారు. "న్యాయంగానే ఉంది. రేపు సాయంత్రం ఐదింటిదాకా చూస్తాను. ఒక్క ఆకు ముట్టుకున్నా ఎల్లుండి పొద్దున్న కొట్టేస్తాను. అప్పుడు మళ్ళీ నాకు అడ్డు రావద్దమ్మా," అని నా వైపు చూశారు. నేను సరేనన్నాను.

మర్నాడు మా ఊళ్ళో జరిగింది పండక్కి తక్కువ, క్రికెట్ మ్యాచీకి ఎక్కువ. మిడతల్ని తమ ఇంట్లో ఉంచుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి కంచె లోపల అక్క పాక ముందే పోటీ. ఒక స్టూలు, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో కొబ్బరాకు, అరటాకు, మునగాకు, వంగాకు, పచ్చగడ్డి, పైన కూరల మీద కప్పే వల మూత. రాత్రంతా సీసాలో పస్తున్న నాలుగు మిడతల్నీ అక్క అందులోకి వదిలింది. బయట గుండ్రాల్లో మాస్కులతో జనం. చోటు చాలక కొందరు గట్టు మీద కూర్చున్నారు. మా ఆయన గొంతు సవరించుకుని వ్యాఖ్యానం మొదలుపెట్టారు.

"అరటాకు ఎక్కిందండీ, ఎక్కింది... మీసాలు ఆడిస్తోంది... దిగిపోయింది! అరటి బతికింది!"

చప్పట్లు. కొబ్బరాకు మీదికి ఒకటి ఎక్కినప్పుడు బాబాయిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అది ఈనె పొడుగునా నడిచి, చివరికి వెళ్ళి, కాళ్ళు దులుపుకుని కిందకి దూకింది. ఈసారి చప్పట్లు ఏటి అవతలికి వినపడి ఉంటాయి. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పదయింది, పదకొండయింది, పన్నెండయింది. నాలుగూ వల మూత అంచున చేరి మొండిగా కూర్చున్నాయి. గెలిచేశాననే అనుకున్నాను.

ఎండ ముదిరేసరికి అందరూ భోజనాలకి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే గుండ్రంలో నిలబడి ఉన్నాను. అక్క స్టూలు పక్కన కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. అప్పుడు ఒక మిడత మెల్లిగా దిగింది, నడిచింది, వంగాకు అంచున ఆగింది. దవడలు కదిలాయి. అది రెండు మూడుసార్లు కొరికి, రుచి నచ్చనట్టు వెనక్కి వెళ్ళిపోయింది. ఆకు అంచున పెసరగింజంత నొక్కు మిగిలింది.

నేను ఇటూ అటూ చూశాను. తోటలో ఎవరూ లేరు.

"అక్కా, ఆ వంగాకు తీసేసి వేరేది పెట్టెయ్యవే."

"నువ్వూ చూసేవా?" అంది అక్క.

"చూసేను కాబట్టే చెప్తున్నాను. నిన్నట్నుంచి పస్తుండి పెసరగింజంత కొరికింది. దానికి నా పదకొండు పెట్టెలూ పోవాలా?"

"నేను మార్చనే."

"నీదేం పోయింది మారిస్తే?"

"నాదా? నాకు జబ్బు లేదని చెప్పే కాగితం ఒక్కటుందే నా దగ్గర. దాన్నే ఊళ్ళో సగంమంది నమ్మట్లేదు. నేను ఆకు మార్చేనని రేపెవరికైనా తెలిసిందనుకో, ఆ కాగితం కూడా అబద్ధమే అంటారు. ఇంక నన్ను ఏ గడపా ఎక్కనివ్వరు."

"అయితే నీ కాగితం కోసం నా ఈగల్ని చంపేస్తావన్నమాట," అన్నాను. అంత మాట అనకూడదని అంటున్నప్పుడే తెలుసు. అక్క విసనకర్ర పక్కన పెట్టేసి ఆకు వైపే చూస్తూ కూర్చుంది. కంచె దాటి వెళ్ళి నేనే మార్చేద్దామా అనిపించింది. దాటితే నన్నూ పద్నాలుగు రోజులు విడిగా పడేస్తారు, అప్పుడు పెట్టెల్ని చూసే దిక్కుండదు. అందుకని ఆగాను గానీ, మంచితనంతో ఆగలేదు.

ఐదింటికి అందరూ వచ్చారు. మా ఆయన మళ్ళీ గొంతు సవరించుకుంటుండగా అక్క లేచి వల మూత ఎత్తి వంగాకు బయటికి తీసి పైకి పట్టుకుంది.

"బాబాయిగారూ, మధ్యాహ్నం వంగాకు ఒక్కటి కొరికిందండి. మిగతావేమీ ముట్టలేదు."

ఒక్కసారి గోల లేచింది. అవేనని కొందరు, ఈ మాత్రం నొక్కుకేనా అని కొందరు. బాబాయిగారు కళ్ళజోడు సర్దుకుని అంతదూరం నుంచే ఆకుని చాలాసేపు చూశారు.

"కొబ్బరి?"

"ముట్టలేదండి."

"అరటి?"

"లేదండి."

"మాటంటే మాటేనమ్మా," అన్నారాయన నాతో. గెలిచిన మనిషి మాట్లాడినట్టు లేదు ఆ గొంతు. "ఆకు ముట్టుకుంటే కొడతానన్నాను. రేపు కొట్టాలి మరి."

నాకు కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారిపోయాయి. కోపంతోనే కారాయి. ముఖం తిప్పుకున్నాను, అక్క వైపు చూడబుద్ధి కాలేదు. అక్క మాత్రం వదల్లేదు.

"ఒక్కమాటండి బాబాయిగారూ. ఇయ్యి ఎగరట్లేదు గదండి. ఎగరని పురుక్కి మందెందుకండి? ఊరంతా ఖాళీగానే ఉంది. తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు ఇయ్యి కదల్లేవు, చేత్తో ఏరేసుకోవచ్చు. నేను కువైట్‌లో బుట్టెడు ఏరలేదూ?"

బాబాయిగారు జనం వైపు చూశారు, నా వైపు చూశారు. "సరే. పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది దాకా మీది. ఎనిమిదింటికి తుప్పల మీద ఏం మిగిలినా నాది," అన్నారు.

తెల్లారి ఐదింటికి గట్టు మీద నేనొక్కదాన్నే ఉంటాననుకున్నాను. వెళ్ళేసరికి తిరనాళ్ళలా ఉంది! ఆవకాయ సీసాలు, పాల క్యాన్లు, దోమతెర ముక్కలు, చేపలు పట్టుకునే చేతివలలు. గ్లౌజుల బదులు చేతులకి తొడుక్కున్న ప్లాస్టిక్ కవర్లు. నా ఈగల మీద ప్రేమతో ఎంతమంది వచ్చారో, ఇంట్లో కూర్చోలేక ఎంతమంది వచ్చారో నేను అడగలేదు. ఎలా వచ్చినా వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అక్క చెప్పినట్టే మిడతలు తెల్లారగట్ల చల్లదనానికి బిగుసుకుపోయి కొమ్మల్ని కరుచుకుని ఉన్నాయి. మొదట చెయ్యి వేసిన ఆవిడ కెవ్వుమంది. పట్టుకోగానే ఆ మిడత పాలలాంటి నీళ్ళు జేనెడు దూరం చిమ్మింది. వాటి స్ప్రేయర్ వాటికే ఉందని అప్పుడు తెలిసింది. మాస్కులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఇక అరుపులు, నవ్వులు, పరుగులు! రెండు నెలల తర్వాత ఊరు అలా నవ్వడం వినడంతో నాకు పూనకం వచ్చినట్టయింది. రెండు చేతులా ఏరుతున్నాను. జిల్లేడు పాలతో చేతులు జిగటలు సాగుతున్నాయి. ఏడున్నరకి అందరూ గట్టు ఆ చివరికి చేరారు. మా తోట వైపు నాలుగు తుప్పలు మిగిలిపోతే నేను ఇటు పరుగెత్తుకొచ్చాను.

అక్కడ బాబాయిగారు నిలబడి ఉన్నారు. స్ప్రేయర్ల నిండా నీళ్ళు పోయించి, మందు డబ్బా సీలు తియ్యకుండా పక్కన పెట్టుకుని, మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు. నేను హడావిడిలో ఒకదాన్ని పట్టుకోబోయి జారవిడిచాను, ఇంకోదాన్ని జారవిడిచాను. ఆయన చూడలేకపోయారు.

"అలా కాదమ్మా, మెడ దగ్గర పట్టుకోవాలి. ఉండు," అంటూ వంగారు. మాస్కు ఊపిరికి కళ్ళజోడు మసకబారిందని తీసి జేబులో పెట్టుకున్నారు. కొమ్మ దగ్గరికి ముఖం పెట్టి ఒకదాన్ని మెడ దగ్గర పట్టుకున్నారు. అది సూటిగా ఆయన రెండు కళ్ళలోకీ చిమ్మింది.

"అమ్మా!" అని ఆయన చేతులతో కళ్ళు మూసుకున్నారు. ఆ చేతులకి జిల్లేడు పాలు. మంట ఇంకా ఎక్కువై గుడ్డిగా గట్టు దిగి నీళ్ళు, నీళ్ళు అంటూ పరుగెత్తారు. నేను వెనకాలే పరుగెత్తాను. దగ్గర్లో నీళ్ళున్నది అక్క పాక ముందు డ్రమ్ములోనే. నేను అందుకునేలోపే ఆయన కంచెకి కొట్టుకుని తూలారు. అక్క ఒక్క అంగలో వచ్చి తలుపు తీసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి డ్రమ్ము పక్కన కూర్చోబెట్టింది. ఒక చేత్తో ఆయన తల వెనక్కి పట్టుకుని, వేళ్ళతో రెప్పలు విప్పి, చెంబు మీద చెంబు పోసింది.

"నలపకండి బాబాయిగారూ. కళ్ళు తెరిచే ఉంచండి. అయిపోయింది, అయిపోయింది."

చాలాసేపు పోసింది. ఆయన ఊపిరి నెమ్మదించింది. ఎర్రగా వాచిన కళ్ళు విప్పి, తన తల పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూశారు. అక్కకీ అప్పుడే గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. కంచె తలుపుకి కాగితం వేలాడుతోంది. గట్టు ఆ చివర నుంచి నవ్వులు వినపడుతున్నాయి.

"ఎవరూ చూళ్ళేదండి బాబాయిగారూ," అన్నాను నేను. ఆకు మార్చెయ్యమన్నదీ నేనే, ఈ మాటన్నదీ నేనే.

ఆయన అక్కని తువ్వాలు అడిగి, ముఖం తుడుచుకుని లేచారు. తడిసిన చొక్కాతోనే గట్టెక్కి, జనానికి దూరంగా ఆగి, వాలంటీరమ్మాయిని కేకేశారు.

"అమ్మాయ్, ఇంకో కాగితం పట్రా. నా గేటుకి అంటించు. నేను ఆ అమ్మాయి దగ్గరికెళ్ళేను, ముట్టుకున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో పెద్దాయన, "పోనిద్దురూ, ఎవరు చూసేరు గనక," అన్నారు.

"తను వంగాకు దాచలేదుగదండీ. నేనెలా దాస్తాను?" అన్నారు బాబాయిగారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక పద్నాలుగు రోజులు కొట్టు తెరవను. మిగిలినవి కూడా మీరే ఏరుకోండమ్మా," అని చెప్పి గట్టు మీదుగా ఒక్కరే ఇంటికి వెళ్ళిపోయారు. ఆ మిగిలిన నాలుగు తుప్పలూ ఊరంతా కలిసి ఏరేశాం.

మర్నాడు వ్యవసాయాధికారి వచ్చారు. ఇవి జిల్లేడు మిడతలని, ఎప్పుడూ ఇక్కడే ఉంటాయని, మరీ ఆకలేస్తే వేరే ఆకు కొరుకుతాయేమో గానీ పంటకి భయం లేదని చెప్పారు. మాకు ముందే తెలుసన్నట్టు అందరూ తలలూపారు. నేను ఆయన మాటలు సగంలో వదిలేసి పెట్టెల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఈగలు కాళ్ళకి పుప్పొడి అంటించుకుని వరసగా లోపలికి వస్తున్నాయి. పదకొండు పెట్టెల దగ్గరా వస్తున్నాయి. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి అక్క ఫోన్ మోగింది. బాబాయిగారు. అక్క స్పీకర్ పెట్టింది.

"ఇప్పటికి రెండ్రోజులే అయ్యిందమ్మా. మనుషులంతా ఇంట్లోనే ఉన్నారు, అయినా ఈ గదిలో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను. నువ్వు ఆ పాకలో ఇన్నాళ్ళు ఎలా ఉంటున్నావమ్మా? నిద్ర పడుతోందా? భయం వెయ్యట్లేదా?"

అక్క ఏదో చెప్పబోయింది. ఫోన్ చేతిలో పట్టుకునే గుమ్మంలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. అటునుంచి ఆయన "అమ్మా, అమ్మా," అంటూనే ఉన్నారు. అక్క వచ్చిన దగ్గర్నుంచి ఏడవడం నేను చూడలేదు. నవ్వుతూనే ఉంది కదా, బాగానే ఉందనుకున్నాను. ఊళ్ళోకి వచ్చాక ఆ మాట అక్కని అడిగిన మొదటి మనిషి ఆయనే. రోజూ మూడు పూటలా ఆ కంచె దగ్గర నిలబడింది నేను. వెళ్ళిన ప్రతిసారీ నా ఈగల సంగతే అడిగాను, నువ్వెలా ఉన్నావే అని ఒక్కసారి కూడా అడగలేదు.